కెనడా రైలుమార్గము – ఒక చిత్రము నేర్పు పాఠము



రైలుబండ్లపై మక్కువ గలవారిని చూచి లోకులు నవ్వుట కద్దు. ఇంజనుల అంకెలు వ్రాసికొనుట, కాలపట్టికలు తిరుగవేయుట, దూరదేశపు బండ్ల చిత్రములు కూర్చుకొనుట పొద్దుపోక చేయు పనులని వారి తలంపు. మేమును ఆ మక్కువకు లోబడినవారమే. కొంతకాలముగా కెనడా రైళ్ల చరిత్రను శ్రద్ధతో చదువుచున్నాము. అందు మీ బిడ్డల చదువునకు పనికివచ్చు సంగతులు కొన్ని కలవు గనుక విన్నవించుచున్నాము.

కెనడాలో తొలి ప్రయాణికుల రైలుమార్గము 1836లో క్విబెక్ ప్రాంతమున తెరువబడెను. దాని పొడవు ఇంచుమించు 15 మైళ్లు. అర్ధశతాబ్ది నిండకమునుపే పట్టాలు పసిఫిక్ తీరమును ముట్టినవి. ఇందులకు కారణము ఒక వాగ్దానము. పడమటి తీరమందలి బ్రిటిష్ కొలంబియా 1871లో కెనడా సమాఖ్యలో చేరునపుడు, తమ తీరమును పదేండ్లలో తూర్పు ప్రాంతములతో రైలుమార్గమున కలుపుదుమని ప్రభుత్వము మాట ఇచ్చెను. గడువు దాటినను మాట నిలిచినది. 1881లో ఏర్పడిన కెనడియన్ పసిఫిక్ కంపెనీ అయిదేండ్లు నిండకుండగనే పట్టాలను కలిపెను.

దారిలో రాకీ పర్వతములు అడ్డు నిలిచినవి. కికింగ్ హార్స్ కనుమ దాటి దిగుచోట, ధనమును కాలమును మిగుల్చుకొనుటకై, నూరడుగులకు 4.5 అడుగుల వాలున పట్టాలు పఱచిరి. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రమునకు పట్టు స్వల్పము. అంత వాలున దిగు బండిని నిలుపుట మిక్కిలి కష్టము. అందుచే కొండపైకి ఎక్కు ప్రక్కదారులు అమర్చి, అదుపు తప్పిన బండిని వానిలోనికి మరల్చు ఏర్పాటు చేసిరి. 1909లో కొండల లోపల మెలికలు తిరుగు రెండు సొరంగములు తొలిచి, వాలును 2.2 అడుగులకు తగ్గించిరి. ఎక్కవలసిన ఎత్తు అదియే. వాలు సగమైనందున దారి రెట్టింపైనది. పొడవైన సరుకుబండి ఎక్కునపుడు, దాని ముందుభాగము తన తోకకు పైగా పోవుట నేటికిని అచట చూడవచ్చును. నిష్పత్తులు నేర్చు బాలునికి ఇంతకంటె చక్కని లెక్క ఏది?

1885 నవంబరు 7వ తేదీన క్రెయిగెలాకీ అనుచోట చివరి చీలను దిగగొట్టిరి. ఆ సమయమున తీసిన ఛాయాచిత్రము కెనడాలో మిగుల ప్రసిద్ధము. అందు సుత్తి పట్టినవాడు కంపెనీ పెద్దలలో ఒకడగు డొనాల్డ్ స్మిత్. వెనుక తెల్లగడ్డముతో నిలిచినవాడు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్; లోకమంతటికి ప్రామాణిక కాలమండలములు ఉండవలెనని పాటుపడిన ఇంజనీరు. కాని ఆ గుంపులో చైనా కూలీల ముఖములు కానరావు.

పసిఫిక్ వైపు కొండలలో ఈ మార్గమును వేసినవారిలో ఇంచుమించు 15,000 మంది చైనీయులు. రాళ్లు పేల్చుట, సొరంగములు తొలుచుట వంటి అపాయకరమగు పనులు వారి పాలైనవి. తెల్లవారికంటె తక్కువ కూలి; అందులోనే తమ తిండిని తాము కొనుక్కొనవలెను. ప్రేలుళ్లకు, రాళ్లపాటులకు, వ్యాధులకు వందలకొలది బలియైరి. చివరి చీల దిగిన ఆ 1885లోనే, దేశములోనికి వచ్చు చైనీయునిపై తలకు 50 డాలర్ల పన్ను విధించిరి. 1903లో అది 500 డాలర్లైనది. 1923లో చేసిన శాసనము వారి రాకను దాదాపు పూర్తిగా నిలిపివేసెను. అది 1947లో రద్దైనది. ఆ పన్నునకై కెనడా ప్రభుత్వము పార్లమెంటులో క్షమాపణ చెప్పుటకు 2006 వరకు పట్టినది.

ఈ కథ తెలిసిన పిదప రైళ్లపై మా మక్కువ తగ్గలేదు. దానికొక బాధ్యత తోడైనది. మీ బిడ్డ రైలుబొమ్మ చూపి సంబరపడునపుడు, చదువు పాడగునని కసరకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని రెండు ప్రశ్నలడుగుడు: ఈ బండి కొండ నెట్లెక్కినది? ఈ పట్టాలు పఱచినదెవరు? మొదటి ప్రశ్న వానికి గణితమును, భౌతికశాస్త్రమును నేర్పును. రెండవది, చిత్రములో నిలువ చోటు దొరకనివారిని తలచుట నేర్పును. రెండును బడిలో నేర్వదగినవే, ఇంటనే మొదలిడదగినవి.