అనిర్వేదము: యువజన కార్యకర్తల శిక్షణ



సుందరకాండమున హనుమంతుడు లంకలో రెండు మారులు తనతో తానే పోరాడవలసివచ్చెను. ఎంత వెదకినను సీత కానరానప్పుడు నిరాశ ముంచుకొనివచ్చెను. దానిని విదిలించుకొని, అనిర్వేదమును చిక్కబట్టుకొని, మరల వెదుకసాగెను. లంకను కాల్చిన పిమ్మట, ఆ మంటలలో సీతయు చిక్కుకొనెనేమో యని తన కోపమును తానే నిందించుకొనెను. పరుల నడుమ పని చేయబోవువారు సముద్రలంఘనముకంటె ఈ రెండు ఘట్టములనే ఎక్కువ శ్రద్ధతో చదువవలసియున్నది.

తన కోపతాపములను గుర్తెరిగి, ఎదుటివాని మనస్సు గ్రహించి మెలగు నేర్పును గూర్చి పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా పండితులు 1990లో 'భావోద్వేగ ప్రజ్ఞ' యను పేరిట ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. పేరు క్రొత్తది, వస్తువు ప్రాతది. పడి లేచు శక్తికి మాత్రము అనిర్వేదమను మాటకంటె మేలైనది వెదుకనక్కరలేదు.

యువజన కార్యకర్త యనగా బడికి వెలుపల యువకులను కూర్చి, ఆటలచేతను సేవచేతను చర్చలచేతను వారిని తీర్చుటకు పూనుకొన్నవాడు. అతనికి తగవులును నిష్ఠూరములును నిత్యకృత్యములు. అట్టివానిని నానాదేశీయుల నడుమ నుంచి తీర్చుట ఐరోపాలో వేళ్లూనిన పద్ధతి.

దీని మూలములలో నొకటి యుద్ధభూమియే. పియేర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశీయుడు, వృత్తిచే ఇంజనీరు, 1920లో ఫ్రాన్సునందలి వెర్దున్ చెంత, ఫిరంగులకు నేలమట్టమైన ఎస్న్ గ్రామమును తిరిగి కట్టుటకు కొందరిని కూర్చెను. వారిలో జర్మనులును ఉండిరి. నిన్నటి శత్రువు పార పట్టుకొని రాగా, ఇల్లు కోల్పోయినవాని గుండె ఎట్లుండునో ఊహింపుడు! జర్మనుల ఉనికి సహింపరానిదై, కొలది నెలలకే ఆ పని నిలిచిపోయెను. సెరెసోల్ నిలిచిపోలేదు. 1928లో వరదపాలైన లీహ్టెన్‌స్టైన్‌లో 700కు పైగా సేవకులు పలుదేశములనుండి వచ్చి, ఇసుక మేటలు వేసిన పొలములను బాగుచేసిరి.

చెమటయొక్కటే మనస్సును మార్చునా? మార్చదు. నడుము నొప్పి మాత్రము తప్పక కలిగించును. పగటి పనికి సాయంకాలపు మాట తోడు కావలయును. స్ట్రాస్‌బుర్గ్‌లో 1972లోను, బుడాపెస్ట్‌లో 1995లోను ఐరోపా మండలి నెలకొల్పిన యువజన కేంద్రములలో కార్యకర్తలు కలిసి వసించి, కలిసి భుజించి, దినాంతమున చిన్న గుంపులుగా కూర్చుండి ఆనాటి అనుభవమును విప్పి చెప్పుకొందురు.

ఇట్టి శిక్షణలలో వాడు ఆటలలో 'బార్న్‌గా' యొకటి. దీనిని 1980లో కల్పించినవాడు శివశైలం త్యాగరాజన్ అను భారతసంతతివాడు. ఇది పేకాట. పెద్దలు ఉలికిపడనక్కరలేదు, ఇందు పందెములేదు. ఒక్కొక్క బల్లవారికి నియమములు వ్రాసిన కాగితము నిచ్చి, నేర్చిన పిదప తీసికొందురు. ఆపై ఎవ్వరును నోరు మెదపరాదు. గెలిచినవాడొక బల్లకు, ఓడినవాడొక బల్లకు మారవలెను. క్రొత్త బల్లకడ వీడు తనదే పట్టు అని చేయి చాచును, వారు కాదని ముక్కలు లాగుకొందురు. మోసమను అనుమానము, కనుబొమల ముడి, బల్లపై గ్రుద్దులు! కొందరు మొగమోటమిచే విడిచిపెట్టి, లోలోపల కుములుదురు. చివరకు తేలునదేమన, ఏ బల్ల నియమములు ఆ బల్లవే; ఎవ్వరును మోసగింపలేదు. అంతట మొదలగును అసలు పాఠము: కోపము వచ్చిన క్షణమున ఏమనుకొంటివి? ఎవనిని దొంగ యనుకొంటివి? ఎందుకు విడిచిపెట్టితివి? పొలముగట్టు తగవు తీర్చబోవువాడు తన్ను తాను మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవియే గదా.

ఈ పద్ధతిలో లోపము లేకపోలేదు. వారము దినములు పరదేశమున హృదయము విప్పినవాడు ఇల్లు చేరగానే, వినువాడు లేక తిరిగి ముడుచుకొనును. శిక్షణకు పంపుట సులభము, మరలివచ్చినవానికి కూర్చుండి మాటాడు చోటు చూపుట కష్టము. ఆ చోటు గ్రంథాలయపు అరుగైనను చాలును.

1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపమున అల్లకల్లోలమయ్యెను. రాజేంద్రప్రసాదుగారు సహాయకార్యమునకు పూనుకొనిరి. ఎస్న్‌లో పని చెడిన ఆ సెరెసోల్, ఏబదియైదేండ్ల ప్రాయమున, భాష తెలియని నేలకు వచ్చి, వరదనీరు క్రమ్మిన పల్లెలను మెట్టకు మార్చి కట్టు పనిలో ఆ యూరివారి ప్రక్కన నిలిచెను.