ఇల్లే తొలి పలక



తమిళనాట 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటవ తరగతి నుండే తమిళం తప్పనిసరి అయింది. మాతృభాష ఐచ్ఛిక పాఠ్యాంశమైంది. మనముండే నేల భాష నేర్వడం మేలే. అయితే బడిలో తెలుగుకు కలిగిన లోటును ఇల్లు పూరించవలసి ఉన్నది.

ఈ మాట చెప్పే నాకే తొలుత ఈ ఎరుక లేదు. కొన్నేండ్ల క్రిందట పట్నంలోని మనుమరాలికి ఉత్తరం వ్రాశాను. దానిని తల్లిచేత చదివించుకొని, "అమ్మమ్మా, నీ అక్షరాలు ముగ్గుల్లా ఉన్నాయి" అన్నది. ఊరందరి పిల్లలకు ఓనమాలు దిద్దించిన నేను, సొంత మనుమరాలికి దిద్దించలేదు. సిగ్గుపడ్డాను.

ఆ వేసవిలో వంటిల్లే మా బడి. పళ్ళెంలో బియ్యం పరచి రోజుకు రెండక్షరాలు దిద్దాము. పప్పుల డబ్బాలకు తానే పేర్లు వ్రాసి అంటించింది. సున్న మరచిపోగా కందిపప్పు 'కదిపప్పు' అయింది, నవ్వుకొని సరిచేసుకొన్నాము. వామనగుంటలాడుతూ, పద్నాలుగు గుంటలకు నాలుగేసి చింతగింజలైతే 56 అని లెక్క కట్టింది. మన అక్షరాలూ అన్నేనని చెప్పగా మురిసిపోయింది.

తిరిగి వెళ్ళిన వారానికి తన ఉత్తరం వచ్చింది. మూడు వాక్యాలు, నాలుగు తప్పులు. భద్రంగా దాచుకొన్నాను.

75 ఏండ్లుగా ఈ బడికి పిల్లలు ఇంటి నుండి తెలుగును వెంట తెచ్చుకొన్నారు. ఇకముందూ తేవాలంటే రోజుకు అరగంట చాలు. తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రే ఒక పళ్ళెంలో బియ్యం పరచండి.

సెలవు.