తండ్రి పేరు, ఒక సంతకం

పట్టుచీరలూ పాటలూ ఉన్న పూట ఇలాంటి సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. "మనవాళ్ళలో అలాంటివి ఉండవండీ" అని నాతో అన్న పెద్దలూ ఉన్నారు. ఉన్నాయండీ. గుళ్ళో మూడుముళ్ళు వేసుకుని, కౌంటీ ఆఫీసులో లైసెన్సు సంగతి "తర్వాత చూద్దాంలే" అనుకున్న జంటలున్నాయి. మనకది నిక్షేపంలాంటి పెళ్ళే. చట్టం కంటికి కాకపోవచ్చు.

చట్టబద్ధంగా పెళ్ళయిన స్త్రీకి బిడ్డ పుడితే భర్తే తండ్రి అని ఇక్కడి చట్టం ముందుగానే అనుకుంటుంది. పెళ్ళి లేకపోతే ఆ వెసులుబాటు లేదు. అప్పుడు ఆస్పత్రిలోనే ఒక ఫారం ఇస్తారు. ఈ బిడ్డకు తండ్రి ఫలానా అని తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేయాలి. అదైనా ఉండాలి, కోర్టు తీర్పైనా ఉండాలి. లేకపోతే బర్త్ సర్టిఫికెట్లో తండ్రి పేరు ఎక్కదు.

1996 నాటి ఫెడరల్ చట్టం వల్ల ఆ సంతకానికి కోర్టు తీర్పుతో సమానమైన బలం వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి గడువు 60 రోజులు. ఈలోగా బిడ్డ విషయమై కోర్టులో విచారణ జరిగితే అంతకన్నా తక్కువే. ఆ తర్వాత మోసం, బలవంతం, లేదా వాస్తవం విషయంలో పెద్ద పొరపాటు జరిగిందని కోర్టులో రుజువు చేయాలి. నిద్రలేని రాత్రి గడిపి, నర్సమ్మ ఇచ్చిన కాగితాల కట్టలో ఇదొకటి అనుకుని గీకేయకండి. అనుమానముంటే ముందే డి.ఎన్.ఏ. పరీక్ష అడగండి. బుగ్గలోపల దూదిపుల్లతో తుడుస్తారు, అంతే.

పేరు ఎక్కింది కాబట్టి బిడ్డ మీద హక్కులన్నీ వచ్చేశాయని మగవాళ్ళు అనుకుంటారు. ఒహాయోలో, కోర్టు వేరే ఉత్తర్వు ఇచ్చేదాకా, పెళ్ళికాని తల్లిదే సంరక్షణ. తండ్రి కస్టడీకి, బిడ్డను చూసే రోజులకు విడిగా కోర్టుకెళ్ళాలి. అలాగని తండ్రికి విలువ లేదని కాదు. పెళ్ళికాని తండ్రి తగినవాడో కాదో విచారించకుండా పిల్లల్ని లాక్కోకూడదని 1972లోనే స్టాన్లీ వర్సెస్ ఇల్లినాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక డబ్బు. టెక్సస్‌లో ఒక బిడ్డకు మామూలుగా తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, ఒక పరిమితి వరకు. జీతంలోంచే పట్టేసుకుంటారు. బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికన్ పాస్‌పోర్టు ఇవ్వరు. డబ్బు ఇవ్వలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని డబ్బు ఆపేయడం, రెండూ కుదరవు. నా అనుభవంలో మనవాళ్ళ తగాదాలు ఎక్కువగా ముదిరేది ఇక్కడే.

"బిడ్డను తీసుకుని అమ్మగారింటికి వెళ్ళిపోతాను" అనే ముందు ఒక్కమాట. కస్టడీ కేసు సాధారణంగా బిడ్డ గడిచిన ఆరు నెలలు ఉన్న రాష్ట్రంలోనే నడుస్తుంది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు కనుక, అక్కడికి వెళ్ళిన బిడ్డను తిరిగి రప్పించడం చాలా కష్టం. అందుకే ఇక్కడి జడ్జీలు ఇండియా ప్రయాణం అంటే జాగ్రత్త పడతారు. 16 ఏళ్ళలోపు బిడ్డకు అమెరికన్ పాస్‌పోర్టు కావాలంటే మామూలుగా తల్లిదండ్రులిద్దరి సమ్మతీ ఉండాలి.

రాష్ట్రానికో పద్ధతి కాబట్టి మీ ఊరి వకీలును తప్పక అడగండి. పదిమందిలో అడగలేనివారు చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.