సమాన చందా, అసమాన వాటా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆఫ్రికాలో అన్నేళ్ళున్నావు కదా, ఏదైనా చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. సింహాల గురించి చెబుతానని పిల్లలు ఆశపడితే క్షమించాలి. కంపాలాలో ఒక కంపెనీలో లెక్కలు రాసుకున్నవాణ్ణి, నాకు తెలిసింది లెక్కలే. అక్కడ నైల్ ఎవెన్యూలో ఒక బ్యాంకుంది. పేరు తూర్పు ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు. దాని కథ చెబుతాను.

కెన్యా, ఉగాండా, టాంజానియా మూడూ ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్నవే. రైళ్ళు, ఓడరేవులు, తపాలా ఉమ్మడిగా నడిచేవి. ఫ్యాక్టరీలు మాత్రం ఎక్కువగా నైరోబీ చుట్టూ వెలిశాయి. స్వాతంత్ర్యం వచ్చాక మిగతా ఇద్దరికీ అదే మంట: సరుకు కొనేది మేము, బాగుపడేది వాళ్ళా అని. 1967లో మూడు దేశాలూ ఒప్పందం రాసుకున్నప్పుడు ఈ బ్యాంకు పెట్టారు. మూలధనంలో మూడు ప్రభుత్వాలదీ సమాన వాటా. అప్పులివ్వడంలో మాత్రం సమానం కాదు. ఐదేళ్ళకోసారి లెక్క చూస్తే, వీలైనంతవరకు ఉగాండాకి 38.75 శాతం, టాంజానియాకి 38.75 శాతం, కెన్యాకి 22.5 శాతం వెళ్ళి ఉండాలని నియమావళిలోనే రాసేశారు.

ముప్పావుల దాకా లెక్క తేల్చారంటే ఆ గదిలో ఎంత వాదన జరిగిందో నేను ఊహించుకోగలను! మూడోవంతు ఇచ్చి ఐదోవంతు చిల్లర తీసుకోడానికి కెన్యా సంతకం పెట్టింది. పక్కవాడి జేబులో డబ్బుంటేనే తన సరుకు అమ్ముడుపోతుందని దానికి తెలుసనుకుంటాను. కాగితం మీద శాతం రాసినంత మాత్రాన ఫ్యాక్టరీ లేవదన్న మాటా నిజమే. అప్పు తీర్చగలిగే మనిషి కావాలి, కరెంటు కావాలి, రోడ్డు కావాలి.

తర్వాత అంతా చెడింది. 1971లో ఇడీ అమీన్ ఉగాండా గద్దెనెక్కాడు. అతనితో కలిసి కూర్చోనన్నారు టాంజానియా అధ్యక్షుడు నైరేరే. ముగ్గురు అధినేతలూ కూర్చుంటే తప్ప కదలని వ్యవస్థ అది. 1977కి ఉమ్మడి సంఘం కూలిపోయింది. టాంజానియా కెన్యా సరిహద్దు మూసేసింది. ఉమ్మడి విమాన సంస్థ పోయి ఎవరి విమానాలు వాళ్ళవయ్యాయి. 1979లో టాంజానియా సైన్యం కంపాలాకే వచ్చింది. ఆస్తుల పంపకం స్విట్జర్లాండు దౌత్యవేత్త ఉంబ్రిక్ట్ మధ్యవర్తిత్వంతో 1984కి గానీ తేలలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక తొమ్మిది, పది షెడ్యూళ్ళ సంస్థల పంపకం చూసిన మనకి అందులో ఆశ్చర్యం లేదు.

ఇంత గొడవలోనూ బ్యాంకు మూతపడలేదు. మూడు దేశాలూ 1980లో దానికి వేరే చార్టరు రాసిచ్చాయి. పరిశ్రమలే కాక మిగతా రంగాలకీ అప్పులిచ్చే వీలు కల్పించాయి. రైలింజన్లు పంచుకోవచ్చు గానీ, ఇచ్చిన అప్పుల్ని ఎలా చీలుస్తారు? అందుకే బతికిందని నా అభిప్రాయం. సంఘాన్ని మళ్ళీ నిలబెట్టే ఒప్పందం మీద సంతకాలు 1999లో జరిగాయి. అప్పటికి బ్యాంకు ఉన్నచోటే ఉంది. 2008లో రువాండా కూడా చేరింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిరుడు మన స్కాలర్‌షిప్ నిధి మీద జరిగిన రభస మీకు గుర్తుండే ఉంటుంది. ఎక్కువ చందా ఇచ్చిన బ్యాచ్ చెప్పిన పిల్లలకే ఎక్కువ సాయం వెళ్ళాలని ఒకాయన గట్టిగా వాదించాడు. ఆ ఒకాయన్ని నేనే. మా బ్యాచ్‌లో విదేశాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ, డబ్బు మాదే కదా అనుకున్నాను. ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఈ 22.5 గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఏటి అవతలి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల తరఫున మన సంఘంలో మాట్లాడే బ్యాచే లేదు.

ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాను. చందా అన్ని బ్యాచ్‌లకీ ఒకటే. పంపకం మాత్రం పిల్లల అవసరాన్ని బట్టి, ఏ ఊరికెంతో ముందే రాసుకుని, ఐదేళ్ళకోసారి లెక్క చూసుకుందాం. నిరుడు నా మాటకి చప్పట్లు కొట్టినవాళ్ళు ఈసారి నాకు వ్యతిరేకంగా ఓటేసినా ఏమీ అనుకోను. భోజనాలయ్యాక ఎవరూ బస్సుకి టైమైందని వెళ్ళిపోకండి, కోరం కావాలి.