మాటల ముందరి మాటలు



మంగళగిరికి చేరువనే నిడమర్రు, కురగల్లు అను రెండు గ్రామములు కలవు. ఈ పేర్లను వెంటవెంట పలికి చూడుడు. నిడమర్రులో మొదట నున్నది ‘నిడు’ అను మాట. నిడు అనగా పొడవయిన అని యర్థము. నిడుపాటి మఱ్ఱిచెట్టు ఉన్నచోట వెలసిన ఊరు నిడమర్రు అని తోచుచున్నది. కురగల్లులో ‘కుఱు’ కలదని మా యూహ. కుఱు అనగా పొట్టి. కల్లు అనగా ఱాయి. సన్నెకల్లులోను, ఏకశిలానగరమను సంస్కృతనామము గల ఓరుగల్లులోను ఉన్నది ఈ కల్లే గాని త్రాగెడు కల్లు కాదు. మా యూహ నిజమైనచో, పొడుగు మఱ్ఱియు పొట్టి ఱాయియు ఇన్ని తరములుగా ఇరుగుపొరుగున కాపురమున్నవన్నమాట.

మన పిల్లలు బడిలో ఇంగ్లీషు మాటలను విడదీయుట చక్కగా నేర్చుకొనుచున్నారు. ‘సబ్’ అనగా క్రింద, కనుక సబ్‌మెరీన్ అనగా సముద్రము క్రింద పోవునది అని ఠక్కున చెప్పుదురు. మెచ్చదగినదే. కాని నిట్టూర్పులో ‘నిట్టు’ ఏమి అని ఆ బాలునే అడిగినచో తెల్లబోవును. ఇంగ్లీషు మాటకున్న తలుపు వానికి తెలియును, ఇంటి మాటకున్న తలుపు తెలియదు.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ పరవస్తు చిన్నయసూరి గారు బాలవ్యాకరణమున దీనికొక తాళపుచెవి చేసి యుంచిరి. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అను నైదింటికి అచ్చుతో మొదలగు మాట తగిలినప్పుడు, వాని చివరనున్న ఱకార డకారములు జంట టకారములగును. దీనికే ద్విరుక్తటకార సంధి యని పేరు. ఆ పేరునకు నోరు తిరుగక విసిగినవారు మనలో పలువురు. పేరును విడిచి పనిని చూచినచో విసుగుండదు.

నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పు అయినది. ఊర్పు అనగా శ్వాస. అనగా ఈ మాటలో దుఃఖము లేనే లేదు. శ్వాస నిడివి మాత్రమే కలదు. దుఃఖమును చేర్చినవారము మనము. అట్లే దీర్ఘమైన ఉపవాసము నిట్టుపవాసము. గుడిసె నడుమ కప్పును మోయుచు నిలుచు పొడవయిన గుంజకు నిట్రాట యని పేరు. పెండ్లిపందిటి రాటయే దీనికి చుట్టము. పొన్నూరు ప్రక్కనున్న నిడుబ్రోలులో ‘ప్రోలు’ అనగా పట్టణము. ఆచార్య రంగాగారు 1900లో జన్మించిన ఊరది. హల్లు తగిలినది కనుక అక్కడ నిడు మాఱక నిలిచినది. ఇక బట్టల అంగడిలో పన్నా యెంత, నిడివి యెంత యని అడుగువారికి, ఆ నిడివికిని తమ నిట్టూర్పునకును చుట్టఱికమున్నదని స్ఫురింపదు.

నడు అనగా మధ్య. నేతవారి ఇంట గుంటమగ్గము నట్టింట నుండిన, అది ఇంటికి నడుమ నున్నదని యర్థము. నమ్మినవాడు నట్టేట ముంచెనన్నచో ఏటి నడుమ అని యర్థము; ఒడ్డున ముంచిన ఈది బయటపడవచ్చును గదా! కడు అనగా మిక్కిలి: కట్టలుక యనగా పెద్ద కోపము. అయితే నట్టు అని వినబడిన ప్రతిచోటను నడుమను వెదకరాదు. నట్టువాంగము నాట్యమునకు సంబంధించినది. మర బిగించు నట్టు ఇంగ్లీషువారిది.

అసలు చిక్కు చిఱుతోనే. చిట్టెలుక, చిట్టడవి, చిఱునవ్వు, చిఱుగాలి – వీనియందంతటను చిఱు అనగా చిన్న. మఱి చిరంజీవి? అందలి ‘చిర’ సంస్కృతము. దానికి చాలకాలము అని యర్థము. ఒకటి చిన్నతనమును చెప్పును, ఒకటి దీర్ఘతను చెప్పును. వెనుకటి వ్రాతలో శకటరేఫ మీ రెండింటిని వేఱు చేసెడిది. నేటి అచ్చులో అది దాదాపుగా కనుమఱుగైనది. చిరునవ్వు, చిరకాలము ఒకే రేఫముతో పడుచున్నవి. చిరాయువు అన్న దీవెనను చిఱుతిండితో పోల్చుకొని చిన్న ఆయువు అని పిల్లవాడు భావించినచో వానినేమనగలము? చిన్న ఆయువునకు తెలుగున వేఱే మాట కలదు, కుట్టుసురు. అది కుఱు, ఉసురుల కలయిక. చిరాయువునకది నేరుగా విరోధి.

ఇవి చాలవన్నట్లు చిరునామా యొకటి. అది చిన్న నామమును కాదు, చిరకాలపు నామమును కాదు. పారసీకమున సర్ అనగా తల, నామా అనగా వ్రాత. ఉత్తరము తలపై వ్రాయునది కనుక ఆ పేరు వచ్చినది. తెలుగు, సంస్కృతము, పారసీకము మూడును ‘చిరు’ అను ఒకే గొంతుతో పలుకుచుండగా, చెవిని మాత్రమే నమ్మరాదు.

ఊళ్ల పేర్లయందును ఇట్టి మోసము కలదు. గోదావరి ప్రక్కనున్న నిడదవోలును చూడగానే నిడుద, ప్రోలు అని విడదీయ బుద్ధిపుట్టును. కాని దాని పూర్వనామము నిరవద్యపురము. నిరవద్యప్రోలే అరిగి నిడదవోలయినది. నిరవద్యమనగా దోషము లేనిది. పొడవుతో దానికి పనిలేదు. కురగల్లు విషయమున మేము ఊహ యన్న మాటనే వాడుటకు కారణమిదియే. పాత శాసనమొకటి దొరికి పేరు మఱొక తీరున కనబడినచో మా పొట్టి ఱాయి దొర్లిపోవును.

అట్టి యాధారములు శాసనములలోనే కాక జనుల నోళ్లలోను ఉండును. అమరావతి రాజధానికై 2015లో భూసమీకరణ జరిగిన గ్రామములలో నిడమర్రు, కురగల్లు కూడ కలవు. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో నిడమర్రు నడిమి అక్షరము డకారమో దకారమో తెలియదు. ఱకారమునకు అక్షరమే లేదు. ఊరి పేరు పటములలోనైన నుండును గాని పొలముల పేర్లకు పటములు లేవు. గట్టు చెఱిగి, చేను ఇంటిస్థలముగా మాఱినచో దాని పాతపేరు పిలుచువారుండరు. ఆ గ్రామములలో పొలము చేసిన పెద్దలు మీ యింట నున్నచో, చేల పేర్లను, చెఱువుగట్ల పేర్లను వారు పలికినది పలికినట్లుగా తెలుగు లిపిలో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. అర్థము తెలిసినను తెలియకున్నను దిద్దకుడు.