మహఫిల్ రికార్డింగుకు మన స్తోమతకు తగిన మైకులు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉరుసు నాటి ఖవ్వాలీలను, మీలాద్ సభల్లో చదివే నాతులను రికార్డు చేసే పని సొసైటీ మా నలుగురికీ అప్పగించింది. ఆ పని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాం.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. ఒక పెద్దాయన మన మహఫిల్‌లో చివరిసారి పాడిన రాత్రి, రికార్డరును తీసుకెళ్లి స్పీకరు బాక్సు పక్కన పెట్టాం. ఇంటికెళ్లి వింటే ఢోలక్, చప్పట్లు తప్ప ఆయన గొంతు తెలియడం లేదు. తర్వాత ఆయన అల్లాహ్ సన్నిధికి చేరారు. వారి అబ్బాయి వచ్చి "అబ్బా గొంతు మీ దగ్గర ఉందా?" అని అడిగితే తల దించుకున్నాం.

అందుకే ఇప్పుడు మంచి మైకులు కొనాలంటున్నాం. "ఒకటే కొనండి, ఖరీదైనదే కొనండి" అని కొందరి సలహా. మా మనవి వేరు.

పాడేవారు చేత పట్టుకునే మైకు సాధారణంగా డైనమిక్ రకం. 1966లో వచ్చిన షూర్ ఎస్.ఎం.58 అటువంటిదే. నోటి దగ్గర అది బాగా పనిచేస్తుంది. దూరం నుంచి హార్మోనియం సన్నని పలుకులు పట్టాలంటే మాత్రం కండెన్సర్ మైకు మేలు. అటువంటి మైకులు చాలా వాటికి రికార్డరు నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. మన రికార్డరు అది ఇస్తుందో లేదో ముందే చూసుకోవాలి. ఇవ్వకపోతే కొన్న మైకు మూగదే!

కాబట్టి మధ్యరకం ధరలో కండెన్సర్ మైకులు ఒక జత కొందాం. ఎదుటి శబ్దాన్ని ఎక్కువగా, వెనుక శబ్దాన్ని తక్కువగా పట్టే కార్డియాయిడ్ రకం కావాలి. ఫ్రెంచి రేడియోవారి ఓ.ఆర్.టి.ఎఫ్. పద్ధతిలో రెండింటి మధ్య 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం ఉంచాలి. ఖవ్వాల్‌కు ఆరేడు అడుగుల ముందు, కూర్చున్నవారి తలలకు పైన స్టాండు మీద నిలపాలి. స్పీకరు బాక్సులు మైకుల వెనుక వైపు పడేలా చూడాలి. రికార్డరులో మరో దారి ఉంటే, మిక్సరు నుంచి గాయకుని గొంతు విడిగా తీసుకోవడం ఇంకా మంచిది.

చప్పట్లు హఠాత్తుగా లేస్తాయి. ఆటోమేటిక్ లెవెల్ ఆపేసి, పెద్ద శబ్దం కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. స్టాండు, తీగలు, గాలి తొడుగులకూ కొంత సొమ్ము మిగుల్చుకోవాలి.

ఇక డబ్బు మాట. జకాత్ సొమ్ములో ఒక్క పైసా దీనికి ముట్టరాదు; అది హక్కుదార్లది. పిల్లల స్కాలర్‌షిప్పు నిధి జోలికీ పోవద్దు. సభ్యులు ఇష్టపడి ఇచ్చే చందాతోనే కొందాం. చాలకపోతే ఈ ఏడు ఒక జత అద్దెకు తెద్దాం.

పాడే పెద్దలు మన మధ్య ఇంకా కొందరున్నారు. వారి గొంతు వారి పిల్లలకు అందించడమూ సేవేనని మా నమ్మకం. అల్లాహ్ మన పని సఫలం చేయుగాక. ఖుదా హాఫిజ్.