బలవంతునితో చదరంగము

వయోధికుల చదరంగపు పోటీలలో మొదటినాడు ప్రకటించు జతల జాబితాను చూచినచో ఒక విశేషము కనబడును. అందులో బలహీనులందఱును బలవంతులకే ఎదురుపడి యుందురు. ఇది యదృచ్ఛగా జరుగునది కాదు. స్విస్ పద్ధతి యనునది పెట్టిన ఏర్పాటు. నూర్గురు ఆటగాండ్రు చేరినచో వారిని రేటింగు ననుసరించి వరుసగా నిలిపి, మొదటివానికి 51వ వానిని, రెండవవానికి 52వ వానిని జతపఱతురు. కనుక క్రింది సగములో పేరున్న ఏ పెద్దమనిషికైనను తొలి ఆట తనకన్న మిన్నయైన వానితో తప్పదు.

ప్రపంచ వయోధికుల పోటీ 1991లో జర్మనీలో, బాద్ వోరిస్‌హోఫెన్ పట్టణమున మొదలైనది. ఆనాడు పురుషులకు అరువది యేండ్ల నియమముండెను. 2014 నుండి ఏబది యేండ్ల వారికొకటి, అరువదియైదేండ్ల వారికొకటి వేఱువేఱుగా జరుగుచున్నవి. నలుబదులలో నున్న నాకు ఇంకను ప్రవేశార్హత లేదు. ప్రక్కన కూర్చుండి సలహా చెప్పు స్వాతంత్ర్యము మాత్రము కలదు.

బలవంతుడన ఎంత బలవంతుడు? దీనికి ఆర్పాడ్ ఎలో అను శాస్త్రజ్ఞుడు ఒక లెక్క కట్టెను. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించెను. ఆ లెక్క ప్రకారము ఇద్దఱి రేటింగులకు నడుమ 200 తేడా యున్నచో, తక్కువవానికి నాలుగాటలలో సుమారు ఒక పాయింటు రావలెను. తేడా 400 అయినను పండ్రెండు, పదుమూడు ఆటలకొక పాయింటు వచ్చును. అనగా బలహీనునికి కూడ న్యాయముగా రావలసిన వాటా ఒకటి యున్నది. ఆ వాటాను పలువురు బల్లముందు కూర్చుండకమునుపే విడిచిపెట్టుచున్నారు.

ఎట్లందురా? ‘ఎట్లైనను డ్రా చేసికొనిన చాలును’ అను తలంపుతో ఎదురైన పావునెల్ల మార్పిడి చేసి, బల్లను ఖాళీ చేయబూనుదురు. పావులు తగ్గినకొలది ప్రమాదము తగ్గునని వారి నమ్మకము. నిజమునకు బలవంతుని నేర్పు మిక్కిలి బయటపడునది అక్కడనే. నడిమి ఆటలో ఎత్తులు చిక్కువడినప్పుడు ఎంతటివాడైనను పొరబడవచ్చును. నాలుగు బంట్లు, ఒక్కొక్క ఏనుగు మిగిలిన ఆటాంతములో తెలిసినవాడు పొరబడుట అరుదు. 1991 నాటి ఆ తొలి పోటీ విజేత వాసిలీ స్మిస్లోవ్. అప్పటికాతనికి డెబ్బది యేండ్లు. ఏనుగుల ఆటాంతముపై లెవెన్‌ఫిష్‌తో కలిసి గ్రంథము వ్రాసినవాడు. అట్టివానితో పావులు మార్చుకొనుట పులికి వెఱచి పులిగుహలో దాగుటయే.

ఆ స్మిస్లోవే తానొకప్పుడు బలహీన పక్షమున కూర్చుండవలసి వచ్చెను. 1984లో విల్నియస్ నగరమున కాస్పరోవ్‌తో పోటీ. ఒకనికి ఇరువదియొకటి నిండవచ్చుచున్నది, రెండవవానికి అరువదిమూడు. పదుమూడు ఆటలలో వృద్ధుడు నాలుగు ఓడెను, ఒక్కటియు గెలువలేదు. తక్కిన తొమ్మిదియు డ్రా. ఓడినాడని చరిత్ర వ్రాసికొన్నది గాని, ఆనాటి కాస్పరోవ్‌తో తొమ్మిదిమార్లు నిలిచి లేచుట సామాన్యము కాదని నా అభిప్రాయము.

అంతకన్న సాహసమైనది కోర్చ్‌నోయ్ కథ. 2006లో డెబ్బదియైదవ యేట ఇటలీలోని ఆర్వియేలో ప్రపంచ వయోధిక విజేత యైనవాడాయన. 2011 జనవరిలో జిబ్రాల్టర్‌లో, వయోభేదము లేని బహిరంగ పోటీలో, పదునెనిమిదేండ్ల కరువానాకు ఎదురయ్యెను. రేటింగులో సుమారు 175 పాయింట్లు తక్కువ. చేతికి వచ్చినవి నల్లపావులు. వయస్సు ఎనుబదికి రెండు నెలలు తక్కువ. గెలిచెను. డ్రాకై బ్రతిమాలు స్వభావము ఆయనకు ఎన్నడును లేదు.

వయోధికుల పోటీలో ఇంకొక సంగతి కలదు. ఎదుటి బలవంతుడును వృద్ధుడే. నాలుగవ గంటలో అతని నడుమును నొచ్చును, అతని కన్నులును అలయును. అందుచే తొలిగంటలో తొందరపడక, గడియారములో కొంత కాలమును మిగుల్చుకొని, చిక్కైన స్థితిని అట్లే నిలిపి యుంచగలిగినవానికి అవకాశము వచ్చును. రాకపోవచ్చును గూడ. వచ్చినప్పుడు దానిని గుర్తించుటకు తనకును ఓపిక మిగిలియుండవలెను. ఆటకు ముందు సుష్ఠుగా భుజించి వచ్చువారిని గూర్చి నేనేమియు చెప్పను.

డ్రా అడుగుటకును ఒక మర్యాద కలదు. తన ఎత్తు వేసి, గడియారము నొక్కకముందు, ఒక్కమాఱు అడుగవలెను. పదవ ఎత్తుననే అడిగినచో బలవంతుడు నవ్వి తల యూపును. మన భయము ఎంతయో అతనికి తెలిసిపోవును. మన పావులు చక్కగా నిలిచి, అతడు దీర్ఘముగా ఆలోచించుచున్న దశ వచ్చువరకు ఆగుట మేలు. అప్పుడు అడుగవలెనా, ఇంకను పోరాడవలెనా అనునది వేఱు ప్రశ్న.

తొలిరోజు ఓడినవానికి మఱునాడు సాధారణముగా తనవంటివాడే జతపడును. అరపాయింటు సంపాదించిన వానికి మాత్రము ఆ సుఖము లేదు. జాబితా చూచుకొనునప్పటికి, పై సగము నుండి మఱియొక బలవంతుడు అతనికై సిద్ధముగా నుండును.